చాలు అనబోయి

3వ తేదీ, సోమవారం

ఈ డైరీ కోళ్ల దాణా కంపెనీ వాళ్లు మా ఆయనకి ఇచ్చారు. మొదటి పేజీలో ఆయన చేతిరాతతో "రోజూ పొద్దున్నే పరుగు" అని ఉంది. రెండో పేజీలో "కాలు నొప్పి" అని ఉంది. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. వృథాగా పోవడం ఎందుకని నేను తీసుకున్నాను.

ఇవాళ ఇంట్లో పెద్ద నిర్ణయం జరిగింది.

మాది గుడ్ల వ్యాన్. పొద్దున్నే ఫారంలో గుడ్లు ఎక్కించుకుని దుకాణాలకీ హోటళ్లకీ వేసి, చివర బేకరీలో దింపి వస్తాం. ఆయన నడుపుతారు. నేను గుడ్ల అట్టలు లెక్కచూసి అందిస్తాను. వ్యాన్‌తో పాటు వ్యాన్ కంపెనీ వాళ్లే ఇచ్చిన స్టీరియో ఉంది. అది బాగానే ఉంది. నా వైపు డోరులో ఉన్న స్పీకరే చిరిగింది. ఏ పాట పెట్టినా ఎవరో ఎండుటాకుల మీద నడుస్తూ పాడుతున్నట్టు వస్తుంది.

అన్నం తింటూ ఆయన చెప్పారు. స్టీరియో జోలికి వెళ్లరట. దాన్ని తీస్తే గ్యారంటీ పోతుందట. రెండు డోర్లకి రెండు కొత్త స్పీకర్లు. అంతే.

"అంతే" అన్న మాట వినగానే అత్తయ్య కళ్లు ఇంటి మూలల్లోకి వెళ్లాయి. ఒక మూల చేపల తొట్టి ఉంది. "రెండు చేపలు, అంతే" అని వచ్చింది. ఇప్పుడు అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. తలుపు దగ్గర ఇనుప డంబెల్స్ ఉన్నాయి. "రోజూ కాసేపు, అంతే" అని వచ్చాయి. ఇప్పుడు గాలికి తలుపు కొట్టుకోకుండా కాపలా కాస్తున్నాయి.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచారు.

"అమ్మాయ్, వాడికి మొదలుపెట్టడం తెలుసు, చాలనడం తెలియదు. నీకు చాలో చాలదో తెలుసు గానీ నోరు పెగలదు. మిమ్మల్నిద్దర్నీ కలిపి నూరితే ఒక మనిషి తయారవుతాడు. ఆ స్పీకర్లు రెండూ పెట్టగానే నువ్వు 'చాలు' అను. నా మాట ఎటూ వినడు."

సరేనని తల ఊపాను.

నా తీర్మానం: రెండు స్పీకర్లూ అయ్యాక "చాలు" అంటాను. గట్టిగా. వినిపించేలా.

ఎంత, రెండక్షరాల మాట.

4వ తేదీ, మంగళవారం

రెండక్షరాలే గానీ అది నాకు చిన్నప్పటి నుంచీ కష్టం. అన్నం తినేటప్పుడు చాలు అంటే, కూర బాగాలేదనుకుంటారేమోనని భయం. అందుకని కంచం మీద చెయ్యి అడ్డం పెడతాను. అత్తయ్యకి చూపు ఆనదు. నిన్న కూర నా చేతి మీదే వడ్డించారు.

ఇవాళ సాధన మొదలుపెట్టాను. పొద్దున ఫారం నుంచి తెచ్చిన గుడ్లు వరండాలో ఏరుతూ అట్ట నిండినప్పుడల్లా "చాలు" అన్నాను. మొదటి అట్టకి గుసగుసగా. మూడో అట్టకి కాస్త గొంతుతో. ఐదో అట్టకి బాగానే వచ్చింది.

లోపల్నుంచి అత్తయ్య ఎవరొచ్చారని అడిగారు. ఎవరూ రాలేదన్నాను. మరి ఎవరికి చాలంటున్నావన్నారు. గుడ్లకి అన్నాను.

"గుడ్లకి చెవులుండవమ్మా. వాడికున్నాయి. అక్కడ అను."

5వ తేదీ, బుధవారం

ఆ స్టీరియో గురించి ఒక సంగతి రాసుకోవాలి. ఇది అత్తయ్యకి తెలియదు.

మా ఇంట్లో రెండు గదులు. మధ్య గోడ పైకప్పు దాకా లేదు. ఇటు పక్క దగ్గితే అటు పక్క నుంచి "మంచినీళ్లు తాగు" అని వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో మొగుడితో ఏం మాట్లాడతాం? ఉప్పు అయిపోయిందని చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది.

మేం మాట్లాడుకునేది వ్యాన్‌లోనే. అదీ బేకరీలో ఆఖరి అట్ట దింపేసి, ఖాళీగా ఇంటికొచ్చేటప్పుడు. స్టీరియోకి గుండ్రటి నాబ్ ఉంది, నా వైపే. నాకు ఏదైనా చెప్పాలనిపిస్తే దాన్ని కొంచెం వెనక్కి తిప్పుతాను. పాట తగ్గుతుంది. ఆయన వ్యాన్ వేగం తగ్గిస్తారు. ఏమిటని అడగరు. అది నాకు చాలా ఇష్టం. అడిగితే నేను చెప్పలేను. అడక్కపోతే కాసేపటికి మాట దానంతట అదే బయటికొస్తుంది.

పెళ్లయిన కొత్తలో గ్యాస్ పొయ్యి వెలిగించాలంటే భయమని చెప్పింది అలాగే. నాకు గుడ్డు వాసన పడదని చెప్పింది కూడా అలాగే. గుడ్ల వ్యాన్ వాడి పెళ్లానికి గుడ్డు వాసన పడదు. ఆ రోజు ఆయన నవ్వీ నవ్వీ మా వీధి మలుపు దాటి వెళ్లిపోయారు.

కొత్త స్పీకర్లు వస్తే పాటలు బాగుంటాయి. నాబ్ ఎలాగూ ఉంటుంది. నాకు సంతోషమే.

7వ తేదీ, శుక్రవారం

స్పీకర్లు పెట్టించే రోజు. నేను సిద్ధంగా వెళ్లాను.

షాపతన్ని అందరూ డబ్‌డబ్ అంటారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఎదురుగా ఉన్న కారు డోరుని అరచేత్తో కొట్టి, ఆ చప్పుడుకి చెవి ఒగ్గుతాడు. డోరు లేకపోతే బల్ల కొడతాడు. మా ఆయన అతన్ని అన్నా అంటారు. అతను నన్ను చెల్లెమ్మా అన్నాడు. నేను చెప్పుల వైపు చూశాను.

ముందు ఒక పెద్ద స్క్రీన్ ఉన్న స్టీరియో తెచ్చి చూపించాడు. వేలు పెడితే వెలుగుతోంది. ఆ పాత డబ్బా తీసి అవతల పారేసి ఇది పెడతానన్నాడు.

"స్టీరియో మాత్రం ముట్టొద్దన్నా. గ్యారంటీ పోతుంది," అన్నారు ఆయన, అతను పూర్తి చేయకముందే.

నాకు గర్వంగా అనిపించింది. మాట మీద నిలబడ్డారు.

సాయంత్రానికి రెండు స్పీకర్లూ డోర్లలో కూర్చున్నాయి. పాట పెట్టారు. నేను గొంతు సవరించుకున్నాను. చా... వరకు నాలుక మీదికి వచ్చింది.

పాట మునుపటి కన్నా సన్నగా వచ్చింది. దోమతెర వెనక పాడినట్టు.

డోరు కొట్టి చూసి డబ్‌డబ్ అన్న తేల్చాడు. కొత్త స్పీకర్లకి ఆకలెక్కువట. కంపెనీ స్టీరియో పెట్టే తిండి వాటికి చాలదట. సీటు కింద ఒక యాంప్లిఫయర్ పెట్టాలట. స్టీరియోని కదపకుండా, దాని వెనక తీగల్లోంచి పాటని పట్టుకెళ్లి బలం పోసి స్పీకర్లకి ఇస్తుందట.

నేను చాలు అందామని వెళ్తే అతను చాలదు అన్నాడు. ఆయన నా వైపు తిరిగి ఏమంటావన్నారు. చెప్పుల వైపు చూశాను.

అయినా నా తీర్మానం రెండు స్పీకర్లు పెట్టాక కదా. పాడని స్పీకర్లు స్పీకర్లు ఎలా అవుతాయి? కాబట్టి తీర్మానం ఇంకా చెక్కుచెదరలేదు.

10వ తేదీ, సోమవారం

యాంప్లిఫయర్ వచ్చింది. దానితో పాటు ఒక దోమ కూడా వచ్చింది.

యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్‌ మంటుంది. ఎంత తొక్కితే అంత పెద్ద దోమ. ఎత్తు ఎక్కేటప్పుడు దోమల గుంపు. బేకరీ నడిపే ఆంటీ బయటికొచ్చి, వ్యాన్‌లో గుడ్లతో పాటు ఇంకేమైనా పెంచుతున్నారా అని అడిగింది.

మధ్యాహ్నం ఫ్యూజు పోయింది. పాట సగంలో చచ్చింది. మళ్లీ వేశారు.

అత్తయ్య: "అన్నావా?"

నేను: "అనబోతున్నాను అత్తయ్యా."

11వ తేదీ, మంగళవారం

దోమ చచ్చింది. ఎర్త్ తీగ సరిగా బిగించలేదట. రంగు గీకి మళ్లీ బిగించారు.

ఇప్పుడు డోర్లు అదురుతున్నాయి. పాట పెడితే డోరు లోపల ఎవరో గిన్నెలు తోముతున్నట్టుంది. డోర్లు విప్పి లోపల నల్లటి జిగురు షీట్లు అంటించాలట.

షీట్లు సౌండు లెక్కలోకి రావు. అవి డోరు లెక్కలోకి వస్తాయి. డోరు గురించి నాకు అత్తయ్య ఏమీ చెప్పలేదు.

13వ తేదీ, గురువారం

ఇవాళ ఒక సంగతి జరిగింది. నా ఒక్కదానికే.

అట్టలు దింపుతుంటే బేకరీ ఆంటీ నన్ను పక్కకి పిలిచింది. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి మానేసిందట. నువ్వు వస్తావా అని అడిగింది. నేను పెద్దగా చదువుకోలేదన్నాను. అంకెలు వచ్చు కదా అంది. నాకు మాటలు రావన్నాను.

"ఆ మానేసిన పిల్లకి మాటలు తప్ప ఇంకేమీ రావు. నాకు నెమ్మదైన మనిషి కావాలి. నువ్వు ఇన్నాళ్లుగా అట్టలందిస్తున్నావ్, ఒక్కటీ జార్చలేదు. మీ ఆయన్ని అడిగి ఇరవై మూడో తేదీ ఆదివారం లోపు చెప్పు."

బేకరీలో గాజు పెట్టె వెనక ఎత్తు కుర్చీ ఉంటుంది. దాని మీద నేను. వెన్న వాసన. గుడ్డు వాసన కాదు.

ఈ మాట ఇంట్లో చెప్పేది కాదు. గోడ అవతలికి వినపడితే, ఆయన ఏమనుకుంటున్నారో తెలియక ముందే అత్తయ్య ఒక మాట అంటారు. వ్యాన్‌లోనే చెప్పాలి. నాబ్ తిప్పి. రేపు డోర్ల పని కూడా అయిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు చెప్తాను.

14వ తేదీ, శుక్రవారం

కొంప మునిగింది. ముంచింది నేనే.

డోర్ల పని అయ్యాక ఎంత సౌండు పెట్టాలో సరిచూడాలన్నాడు డబ్‌డబ్ అన్న. స్టీరియో నాబ్ ఒకటి, యాంప్లిఫయర్‌కి స్క్రూడ్రైవర్‌తో తిప్పే మర ఒకటి. ఆ మర ఎంత తిప్పితే నాబ్‌కి అంత ఊపు. వ్యాన్‌లో కూర్చుని వినేది చెల్లెమ్మ కాబట్టి చెల్లెమ్మే చెప్పాలన్నాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టారు. ఆయన స్టీరింగ్ దగ్గర. డబ్‌డబ్ అన్న సీటు కింద తల దూర్చి తిప్పుతున్నాడు.

తిప్పాడు. అద్దాలు వణికాయి. నా గాజులు వణికాయి. నా పళ్లు కూడా.

పాట ఆపి తల బయటికి పెట్టి అడిగాడు.

"చాలా, చెల్లెమ్మా?"

ఇదే అదను. పరాయి మనిషి ముఖం మీద చాలు అని కొట్టినట్టు అనడం బాగుండదనిపించింది. మర్యాదగా చెప్దామనుకున్నాను. "చాలా ఎక్కువైందండీ, కొంచెం తగ్గించండి." మాటలన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను. నోరు తెరిచాను.

"చాలా..." అన్నాను.

మిగిలినవి వరసలోనే ఉండిపోయాయి.

డబ్‌డబ్ అన్న లేచి నిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకున్నాడు.

"విన్నావా తమ్ముడూ? అద్దాలు ఊగేలా పెడితే 'చాలా?' అని నన్నే అడుగుతోంది. ఇన్నేళ్లలో ఇలాంటి చెవి చూళ్లేదు."

కాదని చెప్పడానికి నేను చెయ్యి ఊపాను. ఇంకా పెంచమంటోందనుకున్నాడు. మళ్లీ సీటు కింద దూరి ఆ మరని చివరి దాకా తిప్పి, షాపు లోపలికి పరిగెత్తి ఒక పెద్ద నల్ల పెట్టె మోసుకొచ్చాడు. దాని ముందు భాగంలో పళ్లెమంత గుండ్రటి నోరు. బేస్ బాక్సట. చెల్లెమ్మకి కావలసింది ఇదీ అన్నాడు.

ఆయన నన్ను చూస్తున్నారు. పెళ్లిచూపుల్లో కూడా అలా చూడలేదు.

"నీకూ ఇష్టమేనా? ఎప్పుడూ చెప్పలేదే!"

ఆ ముఖం మీద నీళ్లు చల్లడానికి నాకు చేతులు రాలేదు.

16వ తేదీ, ఆదివారం

బాక్సు వెనక కూర్చుంది. పెద్దల్లుడిలా. దానికోసం అట్టల వరస ఒకటి తగ్గించారు.

నాబ్ పరిస్థితి ఇదీ: ఒకటి మీద పెట్టినా ఉరుము. సున్నా మీద పెడితే నిశ్శబ్దం. మధ్యలో ఏమీ లేదు.

మునుపు పాట మెల్లగా తగ్గేది. ఆ తగ్గే సందులోంచి నేను మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఆపితే ఒక్కసారిగా ఆగిపోతుంది. నిన్న ఆపాను. ఆయన ఉలిక్కిపడి "ఏమైంది?" అన్నారు. ఏమైందని అడిగితే నేను ఏమీ కాలేదనే అంటాను. అదే అన్నాను. మళ్లీ పెట్టేశారు.

బేకరీ మాట చెప్పలేదు. ఇంకా వారం ఉంది.

18వ తేదీ, మంగళవారం

నాకు ఇంకా ఒక ఆశ ఉండేది. అత్తయ్య. ఇవాళ ఆవిడ్ని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఒకసారి వ్యాన్ ఎక్కితే ఆవిడే చాలనిపిస్తారు, నా పని తప్పుతుందనుకున్నాను.

నన్ను అట్టల దగ్గర వెనక కూర్చోమని ఆవిడ ముందు కూర్చున్నారు. ఆయన పాట పెట్టారు. బాక్సు మొదలుపెట్టింది. సీట్లు దడదడలాడాయి. అత్తయ్య కళ్లు మూసుకున్నారు. ఇక అంటారు, ఇక అంటారు అని నేను వెనక నుంచి చూస్తున్నాను.

డాక్టరు ఇల్లు వచ్చింది. ఆవిడ దిగలేదు.

"ఒరేయ్, ఇంకో చుట్టు తిప్పరా. నడుము పట్టేసింది ఎన్నాళ్లనుంచో, ఇప్పుడు వదులుతోంది."

పాట ఆగాక దిగారు. తిరిగొచ్చేటప్పుడు ఇంకొంచెం పెంచమన్నారు.

రాత్రి వడ్డిస్తూ, అన్నావా అని అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు. కాపలా పెట్టినావిడే దొంగతో కలిసిపోతే కాపలావాడేం చేస్తాడు?

20వ తేదీ, గురువారం

బేకరీ ఆంటీ ఒక అట్టని దీపం కింద పెట్టి చూపించింది. గుడ్లు పగల్లేదు. కానీ పెంకుల మీద సన్నటి గీతలు. వెంట్రుకలు అంటుకున్నట్టు.

ఆయన రోడ్లు బాగాలేవన్నారు. ఆంటీ నా వైపు చూసింది. నేను కూడా రోడ్లు బాగాలేవన్నట్టే ముఖం పెట్టాను. రోడ్డు గురించి చాలు అనమని నాకెవరూ చెప్పలేదు కదా.

వెళ్తుంటే ఆంటీ మెల్లగా, మీ ఆయనతో మాట్లాడావా అంది. మాట్లాడతానన్నాను.

21వ తేదీ, శుక్రవారం

గుడ్లు పగలకుండా ఉపాయం దొరికింది. బాక్సుకి దగ్గరగా ఉండే అట్టలు ఇకనుంచి ముందుకి వస్తాయి. ముందంటే నా ఒళ్లోకి.

మూడు అట్టలు నా ఒళ్లో. గడ్డం కిందిదాకా గుడ్లు. ముక్కు నిండా ఆ వాసన. చేతులు రెండూ అట్టలకే సరిపోయాయి. నాబ్ తిప్పడానికి చెయ్యి లేదు. తిప్పి లాభమూ లేదనుకోండి.

బాక్సు మాత్రం వెనక హాయిగా కూర్చుని ఉంది.

తీర్మానం గురించి ఇవాళ రాయను.

22వ తేదీ, శనివారం

రేపే ఆదివారం. ఇవాళ చెప్పకపోతే ఎత్తు కుర్చీ ఇంకొకరిది.

పొద్దున వెళ్లేటప్పుడే మొదలుపెట్టాను. ఒళ్లో అట్టలు, చెయ్యి ఖాళీ లేదు. మోచేత్తో ఆయన్ని పొడిచాను. పాటకి తాళం వేస్తున్నాననుకుని ఆయన కూడా స్టీరింగ్ మీద తాళం వేశారు.

"బేకరీ ఆంటీ నన్ను కౌంటర్‌లో కూర్చోమన్నారండీ," అన్నాను.

"ఆ, బాగుంది!" అన్నారు.

నా గుండె ఎగిరింది. అంత తేలికా?

"ఈ ముక్క ఇంకా బాగుంటుంది, విను," అన్నారు.

పాట గురించి.

సిగ్నల్ దగ్గర ఆగాం. ముందు, వెనక, పక్కన బండ్లు. అద్దాలు దింపి ఉన్నాయి. బాక్సు దడదడ, ఒళ్లో గుడ్లు గలగల. నాకు ఏమొచ్చిందో తెలియదు. బతుకులో ఎప్పుడూ తీయనంత ఊపిరి తీశాను. సరిగ్గా అప్పుడే ఫ్యూజు పోతుందని నాకెలా తెలుస్తుంది?

"ఏమండీ, నాకు ఇక చాలు!"

పాట లేదు. నా గొంతే ఉంది. సిగ్నల్ మొత్తం నా గొంతే.

పక్క కారులోని పెద్దావిడ కిటికీలోంచి సగం బయటికొచ్చింది. "ఏం చేశాడమ్మా?" అంది నాతో. ఆవిడ వెనక స్కూటర్ మీదాయన మా ఆయనకి సలహా ఇచ్చాడు. "బాబూ, పక్కకి తీసి మాట్లాడుకోండి. మా ఇంట్లోనూ ఇలాగే మొదలైంది."

పచ్చ దీపం పడింది. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. ముందు సందులోకి తిప్పి, ఒక టైలర్ షాపు పక్కన ఆపి ఇంజన్ కట్టేశారు.

ఎంత నిశ్శబ్దం! లోపల కుట్టుమిషన్ చప్పుడు కూడా వినపడుతోంది.

"ఏం చాలు?" అన్నారు. గొంతులో భయం.

అట్టల మీద నుంచి గడ్డంతో వెనక్కి చూపించాను. "అది."

"బాక్సా? నీకిష్టమనేగా పెట్టించింది. ఆ రోజు నువ్వే కదా 'చాలా?' అన్నావు."

"చాలా ఎక్కువైందండీ, అనబోయాను. మొదటి మాటే వచ్చింది."

ఆయన నన్ను చూశారు. తర్వాత స్టీరింగ్ మీద తల వాల్చారు. హారన్ మోగింది. టైలర్ బయటికొచ్చి చూశాడు. హారన్ మోగుతూనే ఉంది, ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ఏడుస్తున్నారేమో అనుకుని కంగారుపడ్డాను. తలెత్తితే కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు.

నవ్వు ఆగాక నాబ్ మీద వేలు పెట్టారు.

"దీన్ని నువ్వు ముట్టుకుని ఎన్నాళ్లయిందో. పాటలు నచ్చి మాట్లాడ్డం లేదులే అనుకున్నా."

"తిప్పినా ఉరుమే కదండీ."

"డబ్‌డబ్ అన్న చూపించిన ఆ స్క్రీన్‌ది ఉంది చూడు, దానికి నాబ్ లేదు. అన్నీ వేలితో నొక్కడమే. వెళ్లిన ప్రతిసారీ అంటగట్టబోయాడు. వద్దన్నా. నాబ్ లేకపోతే నువ్వు మాట్లాడవు కదా."

ఒళ్లో అట్టలు జారబోతే సర్దుకున్నాను. "గ్యారంటీ పోతుందని కదా మీరన్నది?"

"గ్యారంటీ పోయిన ఏడాదే అయిపోయింది."

నేను గుడ్ల వైపు చూశాను. అన్నీ తెల్లగా, గుండ్రంగా, ఒకేలా ఉన్నాయి. అంత బాగా అవి ఎప్పుడూ కనపడలేదు.

బేకరీ సంగతి అప్పుడు చెప్పాను. పాట లేకుండానే. మొత్తం చెప్పాను, ఎత్తు కుర్చీతో సహా. మరి అట్టలు ఎవరందిస్తారని ఆయన అడిగారు. కాసేపటికి ఆయనే లెక్క తేల్చారు. ఎలాగూ బేకరీ ఆఖరి మజిలీ. అక్కడి దాకా నేను అందిస్తాను, అక్కడ దిగిపోతాను. సాయంత్రం ఆయనే వచ్చి తీసుకెళ్తారు.

"వ్యాన్ ఖాళీగానే ఉంటుంది. నాబ్ నీదే," అన్నారు.

23వ తేదీ, ఆదివారం

పొద్దున బేకరీ ఆంటీకి వస్తానని చెప్పాను. రేపటి నుంచే అంది.

తర్వాత డబ్‌డబ్ అన్న షాపు. ఆయన జరిగింది చెప్పారు. అతను మొదట నమ్మలేదు. అంత గొప్ప చెవి పోయిందని బాధపడ్డాడు. బాక్సు విప్పాడు. మళ్లీ సీటు కింద తల దూర్చి మర తిప్పడం మొదలుపెట్టాడు. తగ్గించాడు, ఇంకా తగ్గించాడు.

"చాలా, చెల్లెమ్మా?"

"మాట మొత్తం చెప్పు," అన్నారు ఆయన పక్కనుంచి.

"చాలు," అన్నాను. వినపడింది.

ఇప్పుడు నాబ్ ఒకటి మీద ఒకటి లాగే, రెండు మీద రెండు లాగే ఉంది. పాట ఎండుటాకుల మీద నడవడం లేదు. నిజం చెప్పొద్దూ, బాగుంది.

బాక్సు ఇంటికొచ్చింది. చేపల తొట్టి పక్కన పెట్టారు. అత్తయ్య దాని మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఇందులోంచి ఇప్పుడు చప్పుడు రాదా అని రెండుసార్లు అడిగారు.

27వ తేదీ, గురువారం

ఎత్తు కుర్చీకి అలవాటు పడుతున్నాను. కొనేవాళ్లని "ఇవి చాలా, ఇంకేమైనా ఇవ్వనా?" అని అడగాలి. రోజంతా అదే మాట. ఆంటీ నవ్వుతుంది. మానేసిన అమ్మాయి కన్నా నా దగ్గరే ఎక్కువ కొంటున్నారట. నేను అంత మెల్లగా "చాలా?" అంటే, వాళ్లకి జాలేసి ఇంకోటి తీసుకుంటున్నారట.

అన్నం దగ్గర కూడా అన్నాను. "చాలు అత్తయ్యా" అని. అత్తయ్య గరిటె ఆపి నా వైపు చూశారు. తర్వాత ఆ గరిటె కూర తీసుకెళ్లి కొడుకు కంచంలో వేశారు. ఆయన చాలనలేదు.

30వ తేదీ, ఆదివారం

ఆంటీకి లెక్కలు అప్పజెప్పి బయటికొస్తే బేకరీ ముందు వ్యాన్. వ్యాన్ పక్కన డబ్‌డబ్ అన్న. ఈ దారిన పోతూ ఆగాడట. మా డోరుని అరచేత్తో కొట్టి వింటున్నాడు. ఆయన కూడా వింటున్నారు. ఇద్దరి ముఖాలూ నాకు నచ్చలేదు.

డబ్‌డబ్ అన్న జేబులోంచి రెండు చిన్న బిళ్లలు తీశాడు. సీసా మూతలంత ఉన్నాయి. ట్వీటర్లట. అద్దం పక్కన అంటిస్తే సన్నటి స్వరాలు విడిగా వినపడతాయట. గుడ్లకి ఏమీ కాదట. స్టీరియో ముట్టక్కర్లేదట.

ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. కొనేసి చెప్పడం కాదు, ఈసారి ముందే అడిగారు. అదొక మార్పు.

"ఇవొద్దంటే వద్దు. ఇప్పుడున్నది చాలా, నువ్వే చెప్పు," అన్నారు.

నోరు తెరిచాను. మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. ఇప్పుడు నాకది వచ్చు. సిగ్నల్ మొత్తానికీ వినిపించిన మాట అది. ఆయన ముఖం చూశాను. చేపల తొట్టి ఇంటికి తెచ్చిన రోజు కూడా ఇలాగే ఉండి ఉంటుంది.

"ఆ రెండూ పెట్టాక చాలు," అన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు నాబ్ తిప్పి, ఇదే ఆఖరు సుమండీ అని చెప్పాను. వ్యాన్ వేగం తగ్గించి శ్రద్ధగా విన్నారు. రెండు బిళ్లలు, అంతే అన్నారు.

నా తీర్మానం: రెండు ట్వీటర్లూ అయ్యాక "చాలు" అంటాను. గట్టిగా. వినిపించేలా.

ఎంత, రెండక్షరాల మాట.